మీ బొమ్మ ఇంగ్లీషులో మాట్లాడాలంటే



ఒక ఉన్నత పాఠశాలలో చిత్రలేఖన ప్రదర్శన జరిగింది. గోడల పొడవునా పిల్లలు వేసిన బొమ్మలు అతికించారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తన బొమ్మ పక్కన నిలబడి ఉంది. మీకందరికీ తెలిసిన బొమ్మే అది. రెండు కొండలు, వాటి మధ్య అస్తమించే సూర్యుడు, వంకరలు తిరుగుతూ వచ్చే ఏరు, ఏటి ఒడ్డున ఒక గుడిసె, ఒక కొబ్బరి చెట్టు. అయితే అందులో ఒక విశేషం ఉంది. కొబ్బరి చెట్టు నీడ పక్కకు కాకుండా, బొమ్మ చూసేవారి వైపుకు పొడుగ్గా పరుచుకుని ఉంది.

తెలుగు రాని అతిథి ఒకాయన వచ్చి ఆ బొమ్మను చూసి, "వై డిడ్ యు డ్రా ద షాడో దిస్ వే?" అని అడిగారు. నీడను ఇలా ఎందుకు గీశావు అని దాని అర్థం. ప్రశ్న ఆ అమ్మాయికి అర్థమయింది. జవాబూ తెలుసు. కాని "దిస్ సన్... దిస్ ట్రీ..." అని ఆగిపోయింది. పొరపాటున గీసిందనుకున్నారు కాబోలు, ఆయన చిరునవ్వు నవ్వి పక్క బొమ్మ దగ్గరకు వెళ్ళిపోయారు. ఆయన అటు వెళ్ళగానే ఆ అమ్మాయి డ్రాయింగు మాస్టారితో గబగబా అంది: "సూర్యుడు చెట్టు వెనకాల ఉన్నాడు కదండీ మాస్టారూ! మరి నీడ మన వైపే పడాలి కదా!"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. వెలుగు ఒక వైపు నుంచి వస్తే నీడ దానికి ఎదురు వైపున పడుతుంది. సూర్యుడు దిగంతం దగ్గర ఉంటే నీడ పొడుగ్గా సాగుతుంది. ఇంత చక్కగా ఆలోచించి గీసిన అమ్మాయికి కరువైనవి పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు కావు. "బిహైండ్", "సో", "టువర్డ్స్" అనే మూడు చిన్న మాటలు! మీకు అటువంటి ఇబ్బంది రాకూడదు. అందుకని ఇప్పుడే ఒక కాగితం తీసుకుని అదే బొమ్మను గీసి ఎదురుగా పెట్టుకోండి. దాని గురించి మెట్టు మెట్టుగా ఇంగ్లీషులో మాట్లాడడం నేర్చుకుందాం.

మొదటి మెట్టు: ఇది ఏమిటి?

తెలుగులో "బొమ్మ" అంటే కాగితం మీద గీసినదీ బొమ్మే, కొండపల్లిలో చెక్కతో చేసినదీ బొమ్మే. ఇంగ్లీషులో అలా కాదు. ఆడుకునే బొమ్మ "డాల్" లేదా "టాయ్". గీసిన బొమ్మ "పిక్చర్". గీతలతో గీసినదైతే "డ్రాయింగ్", కుంచెతో రంగులు పూసినదైతే "పెయింటింగ్", త్వరత్వరగా గీసుకున్న చిత్తు బొమ్మ అయితే "స్కెచ్", ఒక మనిషి రూపమైతే "పోర్‌ట్రెట్".

మరొక చిక్కు "వేయడం" దగ్గర వస్తుంది. మనం బొమ్మ వేస్తాం, రంగు వేస్తాం, గుడిసె కూడా వేస్తాం! ఆ అలవాటుతో "ఐ పుట్ ఎ పిక్చర్" అంటే, బొమ్మను ఎక్కడో పెట్టానని వినేవారు అనుకుంటారు. గీశాను అనడానికి "ఐ డ్రూ" అనాలి. రంగులతో చిత్రించాను అనడానికి "ఐ పెయింటెడ్" అనాలి.

"ఐ డ్రూ దిస్ పిక్చర్ విత్ ఎ పెన్సిల్." ఈ బొమ్మను పెన్సిలుతో గీశాను.

"ఇట్ ఈజ్ ఎ పిక్చర్ ఆఫ్ ఎ విలేజ్." ఇది ఒక పల్లె బొమ్మ.

రెండో వాక్యంలో "ఈజ్" ఉంది, చూశారా? "ఇది గుడిసె" అనే తెలుగు వాక్యంలో క్రియ లేదు, అయినా వాక్యం నిండుగానే ఉంది. ఇంగ్లీషు వాక్యానికి క్రియ లేకపోతే కాలు విరిగినట్లే. అందుకే "దిస్ హట్" అని ఆపకుండా "దిస్ ఈజ్ ఎ హట్" అనాలి.

పెన్సిలు మాట వచ్చింది కనుక ఒక సంగతి. ఇంగ్లీషులో దాని ములుకును "లెడ్" అంటారు. లెడ్ అంటే సీసం. కాని అందులో సీసం బొత్తిగా లేదు! ఉన్నది కార్బన్‌కు ఒక రూపమైన గ్రాఫైటు, దానితో కలిపిన బంకమన్ను. ఈ రెంటినీ కలిపి కాల్చి ములుకులు చేసే పద్ధతికి 1795లో ఫ్రాన్సులో నికొలా జాక్ కాంతే హక్కు పొందాడు. మన్ను పాలు ఎక్కువైతే ములుకు గట్టిగా, గీత లేతగా ఉంటుంది. గ్రాఫైటు పాలు ఎక్కువైతే మెత్తగా, గీత నల్లగా ఉంటుంది. పెన్సిలు మీద ఉండే "హెచ్" అక్షరం "హార్డ్"కు, "బి" అక్షరం "బ్లాక్"కు గుర్తులు. "ఐ యూజ్డ్ ఎ సాఫ్ట్ పెన్సిల్ ఫర్ ద డార్క్ పార్ట్స్" అని మీరు చెప్పగలిగితే, నల్లని భాగాలకు మెత్తని పెన్సిలు వాడానని తెలిసి వినేవారికి మీ పనితనం అర్థమవుతుంది.

రెండో మెట్టు: ఏది ఎక్కడ ఉంది?

బొమ్మను మూడు అంతస్తులుగా ఊహించుకోండి. మనకు దగ్గరగా ఉన్న భాగం "ఫోర్‌గ్రౌండ్". దూరంగా ఉన్నది "బ్యాక్‌గ్రౌండ్". ఈ రెంటికీ నడుమ ఉన్నది "మిడిల్". ఇక ఎడమ వైపుకు "ఆన్ ద లెఫ్ట్", కుడి వైపుకు "ఆన్ ద రైట్", పైన "ఎట్ ద టాప్", అడుగున "ఎట్ ద బాటమ్".

తెలుగులో మీద, వెనక, మధ్య అనే మాటలు వస్తువు పేరు తరువాత వస్తాయి. ఇంగ్లీషులో ముందే వస్తాయి. "కొండల మధ్య" అనేది "బిట్వీన్ ద హిల్స్" అవుతుంది. "చెట్టు వెనక" అనేది "బిహైండ్ ద ట్రీ" అవుతుంది. అద్దంలో చూసినట్లు వరుస తిరగబడిందన్నమాట. ఇప్పుడు మీ బొమ్మను చూస్తూ ఈ వాక్యాలను పైకి చదవండి:

"దేర్ ఆర్ టూ హిల్స్ ఇన్ ద బ్యాక్‌గ్రౌండ్."

"ద సన్ ఈజ్ సెట్టింగ్ బిట్వీన్ ద హిల్స్."

"దేర్ ఈజ్ ఎ హట్ బై ద రివర్. ద హట్ హాజ్ ఎ థాచ్డ్ రూఫ్."

చివరి రెండు వాక్యాల్లో గుడిసె మొదట "ఎ హట్", తరువాత "ద హట్" అయింది. ఎందుకు? మీ అమ్మమ్మ కథ చెప్పే తీరు గుర్తు తెచ్చుకోండి. "ఒక ఊళ్ళో ఒక అవ్వ ఉండేది. ఆ అవ్వకు ఒక మేక ఉండేది." మొదటిసారి "ఒక అవ్వ", రెండోసారి "ఆ అవ్వ". అచ్చంగా అంతే! తెలుగులో "ఒక" పెట్టగలిగిన చోట సాధారణంగా "ఎ", "ఆ" పెట్టగలిగిన చోట "ద" వస్తాయి. ఆకాశంలో సూర్యుడు ఒక్కడే కనుక ఆయన మొదటి నుంచీ "ద సన్".

బొమ్మలో జరుగుతున్న పనిని చెప్పేటప్పుడు "ఈజ్ సెట్టింగ్", "ఆర్ ఫ్లయింగ్" అని చెప్పాలి. కాని "గుడిసెకు పైకప్పు ఉంది" అనేది పని కాదు, స్థితి. కాబట్టి "ఈజ్ హావింగ్" అనకూడదు, "హాజ్" అనాలి.

మూడో మెట్టు: ఎందుకలా గీశారు?

బొమ్మ గురించి మాట్లాడడంలో అసలు రుచి ఇక్కడే ఉంది. "సో", "బికాజ్" అనే రెండు మాటలు మీ ఆలోచనను ఎదుటివారికి అందించే వంతెనలు.

మొదట నీడ సంగతి. తెలుగులో చెట్టు కింద కూర్చుంటే నీడ, నేల మీద పడే ఆకారం నీడ, చెరువులో కనిపించేదీ నీడే. ఇంగ్లీషులో మూడు వేరు వేరు మాటలున్నాయి. ఎండ తగలని చల్లని చోటు "షేడ్". నేల మీద పడిన ఆకారం "షాడో". నీళ్ళలో కనిపించే ప్రతిబింబం "రిఫ్లెక్షన్". కాబట్టి ఆ అమ్మాయి చెప్పవలసిన జవాబు ఇది:

"ద సన్ ఈజ్ బిహైండ్ ద ట్రీ, సో ద షాడో ఫాల్స్ టువర్డ్స్ అస్."

ఒక్క వాక్యం. దీన్ని అయిదుసార్లు పైకి అనండి.

రెండోది దారి సంగతి. గుడిసె నుంచి కొండల దాకా తిన్నని బాట గీస్తే, దూరం పోయే కొద్దీ దాన్ని సన్నగా గీస్తాం. నిజానికి బాట వెడల్పు తగ్గదు. దూరపు వస్తువులు మన కంటి వద్ద చిన్న కోణం చేస్తాయి కనుక చిన్నవిగా కనిపిస్తాయి. దీన్ని లెక్క ప్రకారం గీసే పద్ధతి పేరు "పర్‌స్పెక్టివ్". 15వ శతాబ్దం తొలి భాగంలో ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో బ్రూనెల్లెస్కీ దీన్ని చేసి చూపాడు. ఆల్బెర్టీ 1435లో దీని నియమాలను పుస్తకంగా రాశాడు. బాట అంచులు రెండూ కలిసినట్లు కనిపించే చోటు "వానిషింగ్ పాయింట్".

"ద రోడ్ లుక్స్ నారో బికాజ్ ఇట్ ఈజ్ ఫార్ అవే." దూరంగా ఉంది కనుక బాట ఇరుకుగా కనిపిస్తోంది.

మూడోది కొండల రంగు. పచ్చని చెట్లున్న కొండ కూడా దూరం నుంచి నీలంగా కనబడుతుంది. మనకూ కొండకూ మధ్యనున్న గాలి, వెలుగులోని నీలి కిరణాలను ఎక్కువగా చెదరగొట్టి మన కంటికి చేరుస్తుంది. ఆకాశం నీలంగా ఉండడానికీ కారణం ఇదే. "ఐ పెయింటెడ్ ద హిల్స్ బ్లూ బికాజ్ దే ఆర్ ఫార్ అవే" అంటే, మీరు చూసి గీసినవారని ఎవరైనా ఒప్పుకుంటారు.

నాలుగో మెట్టు: ఎలా పలకాలి?

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే ఇంగ్లీషు మాటలకు కూడా చివర "ఉ" తగిలించి పెన్సిలు, బ్రష్షు, పేపరు అంటాం. తెలుగులో మాట్లాడేటప్పుడు అది అందమే. నేనూ ఈ పాఠంలో అలాగే రాశాను. కాని ఇంగ్లీషు వాక్యంలో "పెన్సిల్", "బ్రష్" అని హల్లు దగ్గర ఆపేయండి.

ఇప్పుడు ఒక ప్రయోగం. పలుచని కాగితాన్ని వేలెడు వెడల్పున చించి పెదవుల ముందు వేలాడేటట్లు పట్టుకోండి. "పలక" అనండి. కాగితం కదలదు, లేదా కొద్దిగా కదులుతుంది. ఇప్పుడు "ఫలము"లోని ఒత్తు "ఫ"ను పెదవులు రెండూ కలిపి గట్టిగా పలకండి. కాగితం ఎగురుతుంది. ఇంగ్లండులో "పెయింట్", "పేపర్", "పిక్చర్" అనేటప్పుడు మొదటి "ప"తో ఇలాగే గాలి బయటకు వస్తుంది. ఆ గాలి లేకపోతే "పెయింట్" వారి చెవికి "బెయింట్"లా వినిపించవచ్చు. మన దేశంలో ఎవరితో మాట్లాడినా ఈ ఇబ్బంది రాదు. కాబట్టి దీనికి సిగ్గుపడనక్కరలేదు, తెలుసుకుంటే చాలు.

ఇంకొకటి. ఇంగ్లీషు మాటలో ఏదో ఒక భాగాన్ని నొక్కి పలుకుతారు. "షాడో", "ఫోర్‌గ్రౌండ్" మాటల్లో మొదటి భాగాన్ని నొక్కాలి. "పర్‌స్పెక్టివ్"లో "స్పెక్"ను, "హొరైజన్"లో "రై"ని నొక్కాలి.

ఒక ఆట

మీరూ, మీ స్నేహితుడూ వీపులు ఆనించి కూర్చోండి. మీ చేతిలో ఒక బొమ్మ, అతని చేతిలో తెల్ల కాగితం ఉండాలి. మీరు బొమ్మను ఇంగ్లీషులో వర్ణిస్తూ ఉంటే, అతను విని గీయాలి. అర్థం కాకపోతే "వేర్ ఈజ్ ద హట్?", "ఈజ్ ఇట్ బిగ్ ఆర్ స్మాల్?" అని అడగవచ్చు. చివరికి రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూడండి. గుడిసె ఏట్లో పడిందా? సూర్యుడు కొండ ముందుకు వచ్చాడా? అయితే ఏ మాట దారి తప్పిందో వెతకండి. మీ మాటను పరీక్షించడానికి ఇంతకంటె మంచి కొలబద్ద లేదు. తప్పు వస్తే నవ్వుకుని మళ్ళీ గీయండి. బొమ్మలో తప్పు గీతను చెరిపి దిద్దుకుంటాం కదా, మాట కూడా అంతే.

తప్పులు దిద్దండి

1. ఐ పుట్ ఎ డాల్ ఆఫ్ మై మదర్ ఆన్ పేపర్.
2. ద బర్డ్స్ ఆర్ ఫ్లయింగ్ ఆన్ ద స్కై.
3. ద కౌ ఈజ్ స్లీపింగ్ ఇన్ ద షాడో ఆఫ్ ద ట్రీ.
4. ద హట్ ఈజ్ హావింగ్ టూ డోర్స్.
5. ఆలోచించండి: బొమ్మ చూసేవారి వీపు వెనక సూర్యుడు ఉంటే చెట్టు నీడ ఎటు పడుతుంది? ఇంగ్లీషులో చెప్పండి.

జవాబులు: 1. ఐ డ్రూ ఎ పిక్చర్ ఆఫ్ మై మదర్. 2. "ఇన్ ద స్కై" అనాలి. 3. "ఇన్ ద షేడ్" అనాలి. 4. "ద హట్ హాజ్ టూ డోర్స్" అనాలి. 5. ద సన్ ఈజ్ బిహైండ్ అస్, సో ద షాడో ఫాల్స్ అవే ఫ్రమ్ అస్.

ఈసారి ఎవరైనా మీ బొమ్మ ముందు ఆగి "వై?" అని అడిగితే, "బికాజ్" అని మొదలుపెట్టండి. వారు పక్క బొమ్మ దగ్గరకు వెళ్ళేలోగా మీ మాట పూర్తవుతుంది.