గొట్టపుదారి కాపరులు

2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజాము. కోనసీమలోని నగరం గ్రామం అప్పుడప్పుడే మేలుకొంటున్నది. తాటిపాక నుండి విజయవాడ సమీపాన ఉన్న కొండపల్లికి సహజవాయువును కొనిపోయే ఉక్కుగొట్టం ఆ ఊరి పక్కగా భూమిలో సాగుతున్నది. ఆ గొట్టం నుండి వెలువడిన వాయువు కొబ్బరితోటల మీద, ఇండ్ల మీద పొగమంచు వలె కమ్ముకొన్నది. దానికి నిప్పు సోకినది. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే, పరుగెత్తినవారు దారిలోనే ఆ మంటలకు ఆహుతి అయ్యారు. మృతుల సంఖ్య ఇరవై దాటినది.

ఈ ఘోరానికి మూలం తుప్పు. పొడివాయువు కోసం వేసిన గొట్టంలో తేమతో కూడిన వాయువు ప్రవహించిందని, లోపల నిలిచిన నీరు ఉక్కును లోలోపలే తినివేసిందని విచారణలో వెల్లడి అయినది. తుప్పు ఒక్కరాత్రిలో పుట్టేది కాదు. దానిని ముందుగా కనిపెట్టే సాధనాలు ఉన్నాయి. ఆ సాధనాలను పట్టుకొనే చేతులకు తగిన శిక్షణ, ఆ చేతులు వ్రాసి పంపిన నివేదికను చదివి కదిలే అధికారులు కావలెను. ఈ రెండింటిలో ఏది లోపించినా ఫలితం ఒక్కటే.

చమురును గొట్టాల ద్వారా పంపడం కొత్త విషయం కాదు. 1865లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో శామ్యూల్ వాన్ సికెల్ రెండు అంగుళాల గొట్టాన్ని సుమారు ఐదు మైళ్ల దూరం వేయించాడు. పీపాలను బండ్ల మీద తోలి జీవించేవారు తమ పొట్ట కొడుతున్నదని దానిని ధ్వంసం చేయగా, సాయుధులైన కాపలాదారులను నియమించవలసి వచ్చినది. గొట్టపుదారికి కాపరి అవసరం నాడే ఏర్పడినదన్నమాట. మన ప్రాంతంలో విశాఖపట్నం నుండి విజయవాడ మీదుగా సికింద్రాబాదు వరకు పెట్రోలు, డీజిలు వంటి ఇంధనాలు ఇట్టి దారిలోనే వస్తున్నవి.

ఈ వ్యవస్థలో అందరికంటె ముందు నిలిచేవాడు లైన్‌మ్యాన్. అతడు తనకు అప్పగించిన కొన్ని కిలోమీటర్ల దారిని నిత్యం కాలినడకన పరిశీలిస్తాడు. జీతంలో చిట్టచివర, అపాయంలో మొట్టమొదట ఉండే ఉద్యోగం ఇది. పచ్చని చేనులో ఒకచోట మాత్రమే పైరు పసుపుబారినా, కాలువ నీటిలో అకారణంగా బుడగలు లేచినా, నీటిమీద ఇంద్రధనుస్సు రంగుల తెట్టు తేలినా, దారి పొడవున ఎక్కడైనా కొత్తగా మట్టి తవ్విన జాడ కనిపించినా అతడు ఆగి చూడవలెను. వాయువు కారుతున్నదని అనుమానం కలిగినప్పుడు గాలి వాటానికి ఎదురుదిక్కుగా దూరంగా తొలగిపోవడం, అక్కడ మోటారు సైకిలును స్టార్టు చేయకుండటం, సెల్‌ఫోనును ఆ ప్రదేశం దాటిన తరువాతనే వాడటం శిక్షణలో అలవాటు చేస్తారు. పని అంతా చూపుతోనే కాదు, మాటతోనూ ఉన్నది. 1962 నాటి చట్టం ప్రకారం గొట్టం వేసిన భూమి రైతుదే. కంపెనీకి లభించేది వినియోగపు హక్కు మాత్రమే. అయితే ఆ పట్టీలో రైతు ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెట్టు నాటరాదు. ఈ సంగతిని రైతు మనసు నొచ్చకుండా చెప్పగలవానికే, పొలంలో వాసన వచ్చిన రోజున ఆ రైతు నుండి కబురు అందుతుంది.

భూమిలోని ఉక్కు తుప్పు పట్టకుండ గొట్టానికి పైపూత పూస్తారు. స్వల్ప విద్యుత్ప్రవాహాన్ని కూడ పంపుతారు. ఆ రక్షణ చాలినంతగా ఉన్నదో లేదో దారి వెంట నాటిన స్తంభాల వద్ద కొలుస్తారు. రాగి – మైలుతుత్తం అర్ధఘటంతో కొలిచినప్పుడు మైనస్ 0.85 వోల్టు గాని, అంతకంటె ఎక్కువ రుణాత్మకంగా గాని ఉండవలెనన్నది ప్రసిద్ధమైన ప్రమాణం. కొలవడం తేలికగానే తోచును. కాని ఎండిన నేలపై నీరు చల్లకుండ ఘటాన్ని ఆనించినచో అంకె తప్పుగా వచ్చును. పక్కనే హైటెన్షన్ తీగలు పోతున్నచోట ముందుగా ఆ వోల్టేజిని పరీక్షించకుండ తీగను ముట్టుకొన్నవాడు షాక్‌కు గురికావచ్చు.

గొట్టం లోపలి స్థితిని తెలుసుకొనడానికి ‘పిగ్’ అనే యంత్రాన్ని ప్రవాహంతో పాటు పంపుతారు. పిగ్ అనగా పంది. పురాణంలోని వరాహం భూమిని పైకెత్తినది. ఈ వరాహం భూమిలోనే ప్రయాణించి అయస్కాంతక్షేత్రంలోని మార్పులను బట్టి ఉక్కు ఎక్కడ పలుచబడినదో నమోదు చేసికొని వస్తుంది. దానిని వెలికితీసే ఘట్టం అపాయకరమైనది. లోపలి పీడనం సున్నకు దిగినదని రూఢి చేసికొనక తలుపు తెరవరాదు. పిగ్‌తో వెలువడే మడ్డిలో ఐరన్ సల్ఫైడు ఉన్నచో, అది గాలి సోకినంతనే తనంతట తానే రగులుకొనగలదు. అందువలన దానిని నీటితో తడిపి ఉంచడం నేర్పుతారు.

మరమ్మతు చేసే వెల్డరు పని మరింత సున్నితమైనది. చాలా సందర్భాలలో ప్రవాహాన్ని ఆపకుండానే గొట్టం చుట్టూ ఉక్కు తొడుగును అతకవలసి ఉంటుంది. లోపల ప్రవహించే ద్రవం వేడిని త్వరగా లాగివేయడం వలన అతుకు పెళుసెక్కి, కొన్ని గంటల తరువాత పగులు రావచ్చు. అట్లని వేడి పెంచినచో పలుచని గోడకు చిల్లు పడవచ్చు. కనుక ముందుగా అల్ట్రాసోనిక్ పరికరంతో గోడ మందాన్ని కొలిచి, వేడిని నిర్ణయించుకొని, అతికిన తరువాత కొంతకాలం ఆగి మళ్లీ పరీక్షిస్తారు. మామూలు గొట్టంపై ఎంత చేయి తిరిగినవాడైనా ఈ పనికి వేరుగా పరీక్ష ఇచ్చి నెగ్గవలసిందే.

ఇంతమంది శ్రమ కంట్రోల్ రూములో కూర్చున్నవారి పొరపాటుతో వృథా కాగలదు. 2010 జూలై 25న అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో మార్షల్ పట్టణం వద్ద ముడిచమురు గొట్టం చీలినది. అలారాలు మోగినవి. చమురు స్తంభంలో ఖాళీ ఏర్పడినదేమోనని భావించి, అక్కడివారు రెండుసార్లు పంపులను తిరిగి నడిపించారు. పదిహేడు గంటల పాటు లీకును గుర్తించలేదు. దాదాపు 8.4 లక్షల గ్యాలన్ల చమురు వెలువడినది. అది వాగు మీదుగా కలమజూ నదిలో చేరినది. మొదటిరాత్రే వాసన వస్తున్నదని స్థానికులు ఫోను చేశారు. అగ్నిమాపక సిబ్బంది వచ్చి వెదకి, కారణం కానక వెళ్లిపోయారు. చివరకు ఆ విషయం కంట్రోల్ రూముకు తెలిపినవాడు వేరొక గ్యాసు సంస్థకు చెందిన ఉద్యోగి.

అందుకే నేటి శిక్షణలో ఫోను అందుకొనేవానికీ ఒక పాఠం ఉన్నది. దారి పొడవున నాటిన హెచ్చరిక బోర్డులపై ఫోను నంబరు ఉంటుంది. ఆ నంబరుకు ఏ పల్లె నుండి పిలుపు వచ్చినా, ‘ఎక్కడ? ఎప్పటినుండి? వాసనా, శబ్దమా? గాలి ఎటు వీస్తున్నది? దగ్గరలో ఇండ్లు ఉన్నవా?’ అని వరుసగా అడిగి, సమాధానాన్ని వేళతో సహా నమోదు చేసికొని, తన పై అధికారి కోసం వేచి ఉండక ఆ భాగాన్ని మూసివేయమని చెప్పే అధికారం తనకున్నదని అతడు ఎరిగి ఉండవలెను.