పొద్దు చాలని పని

"ఇంటిని చూసి ఇల్లాలిని చూడు" అని సామెత. ఇల్లు చక్కగా ఉంటే ఇల్లాలు మంచిదంటారు. ఇల్లు చిందరవందరగా ఉంటే ఆమెనే తప్పు పడతారు. కానీ ఇంట్లో ఉండేది ఇల్లాలు ఒక్కతేనా? తినేది ఆమె ఒక్కతేనా? మాసేవి ఆమె గుడ్డలు మాత్రమేనా? ఈ పాఠం ఆ సంగతి గురించే.

రమణమ్మ ఇల్లు

రమణమ్మ కూలి పనికి పోతుంది. భర్త తాపీ పనికి పోతాడు. కూతురు తొమ్మిదో తరగతి. కొడుకు ఆరో తరగతి. ఇంట్లో అత్త ఉంది. ఆమె ముసలిది. కూర్చుని చేసే పనులు మాత్రం చేయగలదు.

రమణమ్మ కోడి కూయక ముందే లేస్తుంది. వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లుతుంది. నీళ్లు తెస్తుంది. పొయ్యి వెలిగించబోతే అగ్గిపెట్టె కనపడదు. కూరలో వేయబోతే ఉప్పు డబ్బా కనపడదు. అన్నీ ఇంట్లోనే ఉంటాయి. కానీ వెతుక్కోవాలి. వెతికేసరికి సగం పొద్దు పోతుంది.

నాట్లు మొదలైతే ఇంకా కష్టం. తెల్లవారగానే మడిలో ఉండాలి. అప్పుడు ఇంటిపని కూతురి మీద పడేది. ఆ పిల్ల వారానికి 2 రోజులు బడి మానేది. నెలకు 8 రోజులు! ఒకరోజు పంతులమ్మ ఇంటికి వచ్చింది. "ఇట్లా మానితే పాఠాలు అందుకోలేదమ్మా. వచ్చే ఏడు పదో తరగతి కదా" అంది.

ఆ మాట రమణమ్మకు గుచ్చుకుంది. తనకు చిన్నప్పుడు చదువు లేకుండా పోయింది. ఎందుకు పోయింది? చెల్లెళ్లను ఎత్తుకోవడానికి, నీళ్లు మోయడానికి. ఇప్పుడు కూతురికీ అదే గతా?

రాసి చూస్తే

ఆ రాత్రి రమణమ్మ నోటుపుస్తకం తీసింది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంట్లో చేసే పనులన్నీ రాసింది. ఊడ్చడం, నీళ్లు తేవడం, వంట, అంట్లు, గుడ్డలు, బర్రెకు గడ్డి, పాలు పితకడం, బియ్యం ఏరడం, పక్కలు వేయడం... రాస్తూ పోతే 24 పనులు తేలాయి. ఒక్కో పని పక్కన ఎవరు చేస్తున్నారో రాసింది.

రమణమ్మ – 17
కూతురు – 5
అత్త – 2
భర్త – 0
కొడుకు – 0

అన్నాలు తిన్నాక ఆ కాగితం అందరి ముందూ చదివింది. కూడబలుక్కుని చదివినా, చివరి దాకా చదివింది.

భర్త అన్నాడు: "నేను పగలంతా ఎండలో ఇటుకలు మోస్తున్నా కదా?"

"నేనూ పగలంతా మడిలో వంగే ఉంటున్నా కదయ్యా. ఇద్దరం ఒకే పొద్దుకు ఇల్లు చేరతాం. నువ్వు మంచం వాల్చుకుంటావు. నేను పొయ్యి రాజేస్తాను."

ఆయన మాట్లాడలేదు. అత్తకు మాత్రం కోపం వచ్చింది. "మగపిల్లోడి చేత అంట్లు తోమిస్తావా? నలుగురూ నవ్వరూ?"

"రేపు హాస్టల్లో చేరితే వాడి కంచం వాడే కడుక్కోవాలి కదత్తా. ఇంట్లోనే నేర్చుకోనీ."

కూతురు మెల్లగా అడిగింది: "నేను బడి మానితే ఎవరూ నవ్వరా నాయనమ్మా?"

ముసలామె మనవరాలి ముఖం చూసింది. ఇంక ఏమీ అనలేదు.

పనులు మళ్లీ పంచుకున్నారు. ఈసారి లెక్క ఇట్లా వచ్చింది.

రమణమ్మ – 11
భర్త – 5
కొడుకు – 3
అత్త – 3
కూతురు – 2

మొత్తం అవే 24 పనులు. నీళ్లు, బర్రె పని భర్తవి. ఎవరి కంచం వాళ్లే కడగాలి. గిన్నెలు కొడుకువి. బియ్యం, కూరలు బాగుచేయడం అత్తది.

అన్నీ ఒక్కరోజులో కుదరలేదు. మొదటి వారం భర్త 2 రోజులు నీళ్లు మరిచిపోయాడు. కొడుకు తోమిన గిన్నెకు మసి మిగిలేది. మళ్లీ తోముదామని రమణమ్మకు చేతులు లేచేవి. కానీ ఊరుకుంది. మనం మళ్లీ చేస్తే వాళ్లు ఎప్పటికీ నేర్చుకోరు. నెల తిరిగేసరికి మసి పోయింది. ఆ నెలలో కూతురు ఒక్కరోజు కూడా బడి మానలేదు.

ఎక్కడి వస్తువు అక్కడే

పని పంచుకుంటే చాలదు. వస్తువు ఎక్కడుందో అందరికీ తెలియాలి. లేకపోతే "అమ్మా, అది ఎక్కడ? ఇది ఎక్కడ?" అని ప్రతిదానికీ అమ్మనే పిలుస్తారు. అందుకని రమణమ్మ ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక చోటు పెట్టారు. డబ్బాల మీద కాగితం అంటించి పేర్లు రాశారు. ఆ పేర్లు రమణమ్మే రాసింది.

పప్పులు: బాగా ఎండబెట్టి, చల్లారాక మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోయాలి. ఎండిన వేపాకు వేస్తే పురుగు తగ్గుతుంది. తడి చెయ్యి పెట్టరాదు.

ఉప్పు: అయోడిన్ ఉప్పు వాడాలి. మూత పెట్టి ఉంచాలి. చెమ్మ తగలకూడదు. పొయ్యి పక్కన పెట్టరాదు.

తాగే నీళ్లు: బిందె మీద మూత ఉండాలి. చెయ్యి ముంచరాదు. పొడుగు కాడ ఉన్న గరిటెతో ముంచుకోవాలి.

పురుగుమందు: వంటింట్లో పెట్టరాదు. పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచాలి. తాగే సీసాల్లో పోయరాదు. ఖాళీ డబ్బాను ఇంటి వాడకానికి తీసుకోరాదు.

మందులు: ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఇంట్లో 2 ఉంచుకోవాలి. విరేచనాలు అయితే పొట్లం మీద రాసినన్ని శుభ్రమైన నీళ్లలో కలిపి తాగించాలి. పొట్లం లేకపోతే 1 లీటరు శుభ్రమైన నీళ్లలో 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువ కాకూడదు. బిడ్డ తాగలేకపోయినా, మలంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కాగితాలు: రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకం, పిల్లల టీకాల కార్డు, బడి సర్టిఫికెట్లు అన్నీ ఒకే సంచిలో పెట్టాలి. సంచి తడవని చోట ఉండాలి. లోపల ఏమేం ఉన్నాయో రాసి ఒక చీటీ పెట్టాలి. ఒక కాగితం బయటికి తీస్తే పని అయ్యాక మళ్లీ అక్కడే పెట్టాలి.

లెక్క మన చేతిలో

వస్తువులకు చోటున్నట్టే డబ్బుకూ ఒక లెక్క ఉండాలి. రమణమ్మ రోజూ రాత్రి 2 నిమిషాలు లెక్క రాస్తుంది. ఒకరోజు లెక్క చూడండి.

వచ్చింది: కూలి – 400
పోయింది: కూరగాయలు – 60
కందిపప్పు అరకిలో – 75
నూనె అరలీటరు – 70
నోటుపుస్తకాలు – 80
మొత్తం ఖర్చు – 285
మిగిలింది – 115

చేతిలో డబ్బు లేని రోజు అంగట్లో ఖాతా మీద తెస్తుంది. అదీ రాసుకుంటుంది. ఒక నెల చివర అంగడి ఖాతాలో 1,460 రూపాయలు అని ఉంది. రమణమ్మ పుస్తకంలో 1,385. తేడా 75 రూపాయలు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూశారు. ఒకరోజు అరకిలో కందిపప్పు రెండుసార్లు రాశారు. "పొరపాటైంది లేమ్మా" అని అంగడి ఆయన కొట్టేశాడు. అంతకు ముందు నెలల్లో ఎన్నిసార్లు ఇట్లా జరిగిందో ఎవరికి తెలుసు? అప్పుడు రమణమ్మకు అక్షరం రాదు.

ఇంటి కష్టాన్ని చదివి, లెక్క కట్టి చూస్తే ఎంత మార్పు వస్తుందో మన రాష్ట్రమే చూసింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు రాత్రి బడుల్లో చదువుకున్నారు. ఆ పాఠాల్లో తమ ఇళ్ల సంగతులే ఉన్నాయి. కూలి డబ్బు సారాకు ఎట్లా పోతోందో మాట్లాడుకున్నారు. దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ పోరాటం ఊరూరా పాకింది. రాష్ట్రంలో 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. తర్వాత ఆ జిల్లా ఆడవాళ్లు రోజుకు 1 రూపాయి చొప్పున పొదుపు చేశారు. రూపాయి చిన్నదే. కానీ రోజూ వేస్తే ఏడాదికి 365.

తృప్తి అంటే ఏమిటి?

"ఉన్నదాంతో సర్దుకుపో, అదే తృప్తి" అని ఆడవాళ్లకు చెబుతుంటారు. అన్నీ ఓర్చుకోవడం తృప్తి కాదు. ఒంట్లో బాగాలేకపోయినా పని చేయడం తృప్తి కాదు. అందరూ తిన్నాక అడుగంటిన అన్నం తినడం తృప్తి కాదు.

2019లో దేశమంతటా ప్రభుత్వం ఒక సర్వే చేసింది. జనం రోజంతా ఏ పనికి ఎంత సేపు గడుపుతున్నారో అడిగి రాసుకున్నారు. అప్పుడు ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పని చేసేవాళ్లు. అంటే దాదాపు 5 గంటలు. ఇంటిపని చేసే మగవాళ్లు 97 నిమిషాలు చేసేవాళ్లు. అంటే గంటన్నర దాటి కొంచెం. మగవాళ్లలో చాలామంది ఇంటిపని ముట్టుకోనే ముట్టుకోవడం లేదని కూడా ఆ సర్వేలో తేలింది. ఈ 5 గంటలకు కూలి లేదు. "నువ్వేం పని చేస్తున్నావు?" అంటే ఇంట్లో ఉండే ఆడవాళ్లు "ఏం లేదు, ఇంట్లోనే ఉంటున్నా" అంటారు. ఆ మాట మానాలి. ఇంటిపని కూడా పనే.

ఇంటిపనికి అంతు లేదు. ఈ రోజు తోమిన గిన్నె రేపు మళ్లీ మాసుతుంది. అందుకని అంతు మనమే పెట్టుకోవాలి. రమణమ్మ ఒక గీత గీసుకుంది. రాత్రి 8 దాటితే కొత్త పని మొదలుపెట్టదు. గుడ్డలు మడత పెట్టడం మిగిలిందా? మిగలనీ. రేపు చూడవచ్చు. ఆ అరగంట ఆమెది. అరుగు మీద కూర్చుంటుంది. ఒక్కోరోజు పక్కింటి వదినతో మాట్లాడుతుంది. ఒక్కోరోజు పుస్తకం చదువుతుంది. లోపల కూతురు చదువుకుంటూ ఉంటుంది.

ఇల్లు అద్దంలా ఉండక్కర్లేదు. ఇంట్లో ఉన్న వాళ్లందరికీ అన్నం, చదువు, నిద్ర, కాసేపు తీరిక దొరకాలి. ఇల్లాలికి కూడా. అదే చక్కదనం.

చెప్పండి

1. రమణమ్మ కూతురు బడి ఎందుకు మానేది?
2. అత్త ఎందుకు కోప్పడింది? ఆమె మాటకు మీరైతే ఏం జవాబు చెబుతారు?
3. అంగడి ఖాతాలో తేడా ఎట్లా బయటపడింది?
4. "ఇంటిని చూసి ఇల్లాలిని చూడు" అనే సామెత సరైనదేనా? కేంద్రంలో అందరూ కలిసి మాట్లాడుకోండి.

లెక్క చేయండి

రోజుకు 10 రూపాయలు పొదుపు చేస్తే 30 రోజులకు ఎంత అవుతుంది?

చేసి చూడండి

1. మీ ఇంట్లో ఒకరోజు పనులన్నీ రాయండి. ఎవరెవరు చేస్తున్నారో పక్కన రాయండి. ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.
2. మీ ఇంటి కాగితాలన్నీ ఒక సంచిలో సర్దండి. చీటీ రాసి పెట్టండి.
3. ఈ వారంలో ఒక అరగంట మీ కోసం ఉంచుకోండి. ఆ అరగంట ఏం చేశారో 3 వాక్యాల్లో రాయండి.