యాక్సెసిబిలిటీ కొలువులు: అసలు పని స్క్రీన్ రీడర్ బయటే ఉంది

దృష్టి లోపం ఉన్న ఉద్యోగికి ఆఫీసు కంప్యూటర్‌మీద పని నెమ్మదిగా సాగుతుంటే అందరి అనుమానమూ ముందు తెరమీది విషయాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మీదికే వెళ్తుంది. ఇంతకంటే మంచిది కొనిస్తే సరిపోతుందనుకుంటారు. ఈ రంగంలో ఉద్యోగం చేయాలనుకునే విద్యార్థులు కూడా అదే లెక్కన జాస్ వంటి స్క్రీన్ రీడర్లు తయారుచేసే కంపెనీల కోసం వెతుకుతారు. ప్రపంచం మొత్తం గాలించినా అవి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. స్క్రీన్ రీడర్ బాగుపడాలంటే జరగాల్సిన పనిలో ఎక్కువ భాగం అది చదవాల్సిన అప్లికేషన్లలో ఉంది. కొలువులూ అక్కడే ఉన్నాయి.

స్క్రీన్ రీడర్ ప్రధానంగా ఆధారపడేది తెరమీది బొమ్మమీద కాదు. ఈ బటన్ పేరేమిటి, ఇది బటనా లింకా, ఇప్పుడు నొక్కి ఉందా లేదా అన్న వివరాలను విండోస్‌లోని యూఐ ఆటోమేషన్ వంటి ఏర్పాట్ల ద్వారా అప్లికేషన్‌నే అడిగి తెలుసుకుంటుంది. ఆ జవాబు డెవలపర్ రాసిన కోడ్‌లో ఉండాలి. సెలవు దరఖాస్తు పేజీలో టిక్కు బొమ్మ ఉన్న బటన్‌కు పేరు పెట్టకపోతే ఎంత ఖరీదైన స్క్రీన్ రీడరైనా ‘బటన్’ అని పలికి ఊరుకుంటుంది. అది ‘పంపు’ కావచ్చు, ‘రద్దు’ కావచ్చు. వెబ్‌ఎయిమ్ సంస్థ 2025లో పది లక్షల వెబ్‌సైట్ల హోమ్ పేజీలను యంత్రంతో పరీక్షిస్తే 94.8 శాతం పేజీల్లో యాక్సెసిబిలిటీ లోపాలు కనిపించాయి. బొమ్మలకు వివరణ లేకపోవడం, ఫారంలోని గడులకు పేర్లు లేకపోవడం, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు వంటి పాత తప్పులే ఏటా పైవరసలో ఉంటున్నాయి. వీటిలో ఏదీ పెద్ద పరిశోధన కోరేది కాదు.

అప్లికేషన్ బాగుపడితే స్క్రీన్ రీడర్ బాగుపడుతుందనడానికి మంచి ఉదాహరణ ఎన్‌వీడీఏ చరిత్రలోనే ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ 2006లో ఈ ఉచిత స్క్రీన్ రీడర్‌ను మొదలుపెట్టారు. తర్వాత జేమ్స్ టే తోడయ్యారు. ఇద్దరూ చూపులేనివారే. జేమ్స్ టే ఆ తర్వాత ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లాలో చేరారు. 2023లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 113లో యాక్సెసిబిలిటీ యంత్రాంగాన్ని అక్కడి బృందం తిరగరాసింది. దాంతో పెద్ద పేజీల్లో స్క్రీన్ రీడర్ల వేగం బాగా పెరిగింది. మారింది బ్రౌజర్, లాభపడింది స్క్రీన్ రీడర్ వాడే మనిషి. స్క్రీన్ రీడర్ లోపలా బయటా తెలిసిన ఇంజినీరు విలువ ఇంతకంటే స్పష్టంగా చెప్పడం కష్టం.

ఇక ఏఐ వచ్చాక ఈ పని ఎవరికి కావాలని అడుగుతారు. బొమ్మలో ఏముందో వర్ణించడంలో ఏఐ నిజంగానే గొప్ప మేలు చేసింది. కానీ జీతాల పట్టికలో ఒక గడి నుంచి ఇంకో గడికి క్షణంలో వెళ్లాల్సిన అకౌంటెంట్‌కు ఊహ పనికిరాదు, కచ్చితత్వం కావాలి. పైగా కంపెనీ రహస్యాలున్న తెరను ఫొటో తీసి బయటి సర్వర్‌కు పంపడాన్ని చాలా సంస్థలు ఒప్పుకోవు. ‘ఒక్క లైను కోడ్ పెట్టండి, సైటు మొత్తం బాగవుతుంది’ అన్న ప్రచారం సంగతి కూడా చూశాం. అలాంటి ఏఐ పరికరం అమ్మిన యాక్సెసిబీ కంపెనీ తప్పుదారి పట్టించే మాటలు చెప్పిందన్న ఆరోపణపై పది లక్షల డాలర్లు చెల్లించాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో ఆదేశించింది.

మార్కెట్ చిన్నదన్న అనుమానానికి చట్టాలు జవాబిస్తున్నాయి. మన దేశంలో దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చినా అమలు నత్తనడకన సాగింది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, యాక్సెసిబిలిటీ ప్రమాణాలు ఐచ్ఛికంగా మిగలకూడదని, తప్పనిసరి నిబంధనలు చేయాలని తేల్చింది. 2025 ఏప్రిల్‌లో ఇదే కోర్టు డిజిటల్ సేవలు అందుకోవడాన్ని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. యూరప్‌లో యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడి క్లయింట్లకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలకూ దాని సెగ తగులుతుంది. కోర్టు తీర్పు రాగానే ఉద్యోగాలు కుప్పలు తెప్పలుగా పుడతాయని మాత్రం నమ్మవద్దు. యాక్సెసిబిలిటీ మాత్రమే తెలిసినవారికంటే, మంచి డెవలపర్‌గానో టెస్టర్‌గానో ఉండి ఇది కూడా తెలిసినవారికే అవకాశాలు ఎక్కువ.

తెలుగు విద్యార్థులకు వేరే దారి కూడా ఉంది. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతు తెలుగు చదువుతుంది గానీ యాంత్రికంగా ఉంటుంది. దాని ఉచ్చారణ నియమాల ఫైళ్లు ఎవరైనా చూసి సవరణలు సూచించేలా అందరికీ అందుబాటులో ఉన్నాయి. భాషాశాస్త్రం చదివినవారు కోడింగ్‌లో పండితులు కాకపోయినా ఇక్కడ పనికొస్తారు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు స్క్రీన్ రీడర్‌లో అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల్లా వినిపిస్తాయి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లలోనైతే చదవడానికి అక్షరాలే ఉండవు. వీటిని యూనికోడ్‌లోకి మార్చి, శీర్షికలూ పట్టికలూ సరిగ్గా గుర్తుపెట్టగలవారి అవసరం ప్రభుత్వ కార్యాలయాల్లోనూ ప్రచురణ సంస్థల్లోనూ ఉంది.

చూపులేని విద్యార్థులకు ఒక మాట. రోజూ స్క్రీన్ రీడర్ వాడటం పెద్ద అర్హతే, కానీ ‘పనిచేయడం లేదు’ అని చెప్పే టెస్టర్‌కు ఒక జీతం, కోడ్‌లో ఏ పేరు లేకపోవడంవల్ల పనిచేయడం లేదో చెప్పగలిగే ఇంజినీరుకు ఇంకో జీతం. హెచ్‌టీఎమ్‌ఎల్, వెబ్ పేజీ భాగాల పేర్లూ పాత్రలూ స్క్రీన్ రీడర్‌కు తెలిపే ఏరియా (ARIA), 86 ప్రమాణాలున్న వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీ 2.2 చదవండి. ఎన్‌వీడీఏ ఎక్కువగా పైథాన్‌లో రాసినది కాబట్టి దానికి యాడ్-ఆన్ రాయాలంటే పైథాన్ కావాలి. చూపున్నవారు మానిటర్ ఆపేసి, మౌస్ పక్కన పెట్టి, కీబోర్డుతోనే ఒక ఫారం పూర్తిచేసే సాధన చేయాలి. తర్వాత యాక్సెసిబిలిటీ నిపుణుల సంస్థ ఐఏఏపీ ఇచ్చే సర్టిఫికెట్ల గురించి ఆలోచించవచ్చు. కానీ రెజ్యూమెలో సర్టిఫికెట్ కంటే, ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో మీరు కనిపెట్టి సరిచేసిన లోపం తాలూకు లింకు ఎక్కువ మాట్లాడుతుంది. ఎన్‌వీడీఏకు డబ్బు కట్టనక్కర్లేదు. ఈ వారమే దించుకుని, మీ కాలేజీ పరీక్షల దరఖాస్తు పేజీతో మొదలుపెట్టండి.