వకీలు ఆఫీసులోని నమూనాలను గూర్చి



నీ ఆఫీసు కంప్యూటరులలో పాత కాగితములు అపారముగా పేరుకొన్నవనియు, క్రొత్త దావా వచ్చినప్పుడెల్ల గుమాస్తా వెనుకటిదానిని తెఱచి పేర్లు మార్చి పని గడుపుచున్నాడనియు వ్రాసితివి. మొట్టమొదట మాన్పింపవలసిన అలవాటు అదియే. ఒక కక్షిదారుని అఫిడవిట్టు నడుమ వేఱొకని ఊరును తండ్రి పేరును మిగిలిపోవుట ఈ దారినే సంభవించును. ప్రమాణము చేసి సంతకము పెట్టిన మనుష్యుని మాటకు కోర్టులో విలువ తగ్గుటకు ఆ యొక్క పంక్తి చాలును.

కావున ముగిసిన దస్తావేజు వేఱు, నమూనా వేఱు అను భేదమును ఆఫీసులో అందఱికిని నేర్పుము. ప్లెయింటు నమూనాను సివిల్ ప్రొసీజరు కోడు 7వ ఆర్డరు 1వ రూలును ఎదుట పెట్టుకొని నిర్మింపుము. కోర్టు పేరు, వాది ప్రతివాదుల వివరములు, వ్యాజ్యకారణము పుట్టిన కాలము, కోర్టు అధికారపరిధి, కోరెడి పరిహారము, దావా విలువ అని రూలు అడిగిన ప్రతి విషయమునకును ఒక్కొక్క గడి ఉన్నచో, నిండక మిగిలిన గడియే నీ జూనియరునకు తాను మఱచినదేదో చూపును.

ఈ నమూనాలన్నియు సర్వరుపై ఒకే ఫోల్డరులో నుండవలెను. వర్డులో ‘వర్క్‌గ్రూప్ టెంప్లేట్స్’ అనుచోట ప్రతి కంప్యూటరునకును ఆ ఫోల్డరునే చూపి, మార్చు హక్కు ఒక్కరికే ఇమ్ము. ఇంతగా ఏల చెప్పుచున్నాననగా, 2024 జూలై 1న క్రిమినల్ ప్రొసీజరు కోడు స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినప్పుడు, హైకోర్టు సహజాధికారములను గూర్చిన 482వ సెక్షను 528 అయ్యెను. ముందస్తు బెయిలును గూర్చిన 438వ సెక్షను 482 అయ్యెను. పాత అంకె బొత్తిగా అంతరించినచో ఎవరైనను పట్టుకొందురు. వేఱొక అర్థముతో సజీవముగా నిలిచిన అంకె మాత్రము చదువరి కన్నుగప్పి, ఆ సహజాధికారములను ఆశ్రయించి కేసును కొట్టివేయుమని కోరు క్వాష్ పిటిషనులో సుఖముగా కూర్చుండును. నమూనా ప్రతి కంప్యూటరులోను ఒక్కొక్క ప్రతిగా చెదరియున్న ఆఫీసులో ఇట్టిదానిని నిశ్శేషముగా సవరించుట దుస్సాధ్యము. ఆ నాటికే పెండింగులోనున్న విచారణలు పాత కోడు ననుసరించియే సాగుటచేత, వెనుకటి నమూనాను పాఱవేయక వేఱు పేరుతో భద్రపఱచుము. నమూనాను మార్చినంత మాత్రమున దానినుండి ఇదివఱకే పుట్టిన కాగితములలోని వాక్యములు మాఱవని కూడ ఎఱుగుము; వానిని చదివి దిద్దుకొనవలసినదే.

ఇక, పదేపదే చేయు పనులను వర్డుచేతనే జరిపించు మాక్రోలను నమూనాలలో చల్లకుము. అన్నిటిని ఒక్క టెంప్లేటులో చేర్చి వర్డు స్టార్టప్ ఫోల్డరులో నుంచినచో, వర్డును తెఱచినప్పుడెల్ల సిద్ధముగా నుండును. నార్మల్ టెంప్లేటులో దాచినవి ఆ ఫైలు చెడిన నాడు దానితోనే పోవును. మాక్రోలకు డిజిటల్ సంతకము చేయించుము. ఇంటర్నెట్టునుండి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను అడ్డగించు ఏర్పాటును 2022లో మైక్రోసాఫ్టు ప్రవేశపెట్టినది. దానిని తొలగింపుమని ఎవరు చెప్పినను వినకుము.

కాజ్ టైటిలు, పేరాల అంకెలు, దాఖలు పత్రముల జాబితా, వీనిని మాక్రో సిద్ధము చేయవచ్చును. కాని వెరిఫికేషనులో ఏ పేరాలు కక్షిదారునకు స్వయముగా తెలిసినవి, ఏవి విని నమ్మినవి అను విభాగమును దానికి ఎన్నడును అప్పగింపకుము. అచ్చట మాక్రో ఆగిపోవలెను. నీ జూనియరు కక్షిదారుని ఎదుట కూర్చుండబెట్టుకొని, పేరా వెంబడి పేరా చదివి వినిపించి, ఆ అంకెలను తన చేతితో వ్రాయవలెను.

వేసవి సెలవులలో ప్లెయింటు, అఫిడవిట్టు, లీగల్ నోటీసు అను మూటితో ప్రారంభింపుము. ప్లెయింటు నమూనా సిద్ధమైన వెంటనే నాకొక ప్రతి పంపుము. గడులను నేనును రూలుతో సరిచూచెదను.

ఇట్లు
నీ పెదనాన్న