స్వభావం వేరు, మొండితనం వేరు



కొంతకాలం క్రితం కంకిపాడులో ఒక ఆదివారం పూజలో నేను ప్రసంగిస్తుండగా మైకు కీచుమంది. ముందు చాప మీద కూర్చున్న తొమ్మిదేళ్ల బాబు రెండు చెవులూ మూసుకొని పెద్దగా అరిచాడు. తల్లి ఎంత బుజ్జగించినా ఊరుకోలేదు. నేను ప్రసంగం ఆపి, "అమ్మా, పిల్లవాణ్ణి బయటకు తీసుకువెళ్ళు" అన్నాను. ఆమె తల వంచుకొని వెళ్ళిపోయింది. తరువాత మూడు ఆదివారాలు రాలేదు. నాలుగవ వారం నేనే వారి ఇంటికి వెళ్ళాను. "వాడు మొండివాడు కాదు ఫాదర్ గారూ. వాడికి ఆటిజం అని డాక్టరు గారు చెప్పారు. మీతో చెప్పడానికి సిగ్గుపడ్డాను" అంది. సిగ్గుపడవలసింది ఆమె కాదు, నేను. అందుకే ఈ వారం ఈ పాఠం.

ఆటిజం అనగా ఏమిటి? అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 1943లో 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వివరంగా వర్ణించాడు. ఇది అంటువ్యాధి కాదు, గాలీ ధూళీ సోకడం కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉన్న తేడా. ఇతరులతో మాట, చూపు, స్నేహం కలపడం ఈ పిల్లలకు కష్టం. ఒకే పద్ధతిని పట్టుకొని ఉంటారు. శబ్దం, వెలుతురు, స్పర్శ వీరికి మనకంటె ఎక్కువగానో తక్కువగానో తోస్తాయి. తల్లి ప్రేమ చూపకపోవడమే కారణమని ఒకప్పుడు పండితులే అన్నారు. ఆటిజం గల కుమారునికి తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1964లో పుస్తకం వ్రాసి ఆ వాదమును ఖండించాడు. అయినా మన ఊళ్లలో తల్లిని తప్పుపట్టడం ఇంకా ఆగలేదు.

ఇక స్వభావం సంగతి. న్యూయార్కులో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అను వైద్య దంపతులు 1956 నుండి పిల్లలను పసితనం మొదలు పెద్దయ్యే వరకు గమనించారు. చురుకుదనం, కొత్తదానికి అలవాటు పడే తీరు, కోపతాపాల తీవ్రత, ఏకాగ్రత వంటి తొమ్మిది లక్షణాలను లెక్కలోకి తీసుకున్నారు. నూటికి 40 మంది పెంచడానికి సులువైన పిల్లలు, 10 మంది కష్టమైనవారు, 15 మంది మెల్లగా కలిసేవారు, మిగిలినవారు ఏ ఒక్క గుంపుకూ చెందనివారు అని తేల్చారు.

ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. ఆటిజం వేరు, స్వభావం వేరు. ఆటిజం గల పిల్లలందరూ ఒకే అచ్చులో పోసినట్లు ఉండరు. ఒకడు మూల కూర్చుంటాడు, ఒకడు పరుగు ఆపడు. ఒకడు నవ్వుముఖం, ఒకడు కంటనీరు. అయితే మార్పుకు అలవాటు పడటం, రేగిన మనసును తానే చల్లార్చుకోవడం ఈ పిల్లలలో చాలామందికి ఇతరులకంటె కష్టమని పరిశోధకులు గమనించారు. రోజూ వెళ్ళే దారిలో కాక వేరే దారిలో తీసుకువెళ్తే బాబు ఏడవడం, బందరు రోడ్డు మీద లారీ హారను మోగితే నేల మీద పడిపోవడం మొండితనం కాదు. తట్టుకోలేకపోవడం.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అంటారు. ఇందులో సగమే నిజం. రాయిని ఎన్ని వేలసార్లు పైకి విసిరినా పైకి పోవడం దానికి అలవాటు కాదని అరిస్టాటిల్ అన్నాడు. మనిషి రాయి కాదు. స్వభావం మనకు ఇవ్వబడినది, అలవాటు మనం కట్టుకొనేది. థామస్, చెస్ చెప్పిన ముఖ్యమైన మాట కూడా ఇదే: బిడ్డ స్వభావానికీ చుట్టూ ఉన్నవారు కోరేదానికీ పొందిక కుదరాలి. కుదరకపోతే బిడ్డకు కష్టం.

మరి బిడ్డ ఎదుగుదలను దేనితో కొలవాలి? మనం మార్కులతో కొలుస్తాము. అమెరికాలోని వైన్‌ల్యాండ్‌లో ఎడ్గార్ డాల్ 1935లో వేరే కొలబద్ద తయారుచేశాడు. తన చేతితో అన్నం తింటాడా, చొక్కా తొడుక్కుంటాడా, కావలసినది అడగగలడా, ఒంటరిగా వీధిలోకి వెళ్ళి రాగలడా అని తల్లిని అడుగుతారు. నాగపూరులో మాలిన్ దీనిని మన దేశానికి అనువుగా మార్చాడు. ఆటిజంలో తెలివికీ దైనందిన పనులకూ మధ్య పెద్ద ఎడం ఉండవచ్చు. ఎక్కాలు అప్పజెప్పే పిల్లవాడు బొత్తాలు పెట్టుకోలేకపోవచ్చు. తెలివి ఉందిగా అని వదిలేస్తే ఆ పని నేర్పేవారే ఉండరు.

కనుక తల్లిదండ్రులారా, ఒకసారి ఒక పనే ఎంచుకోండి. దానిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టండి. చొక్కా బొత్తాలన్నీ మీరు పెట్టి, చివరిది మాత్రం బిడ్డతో పెట్టించండి. అది వచ్చాక చివరి రెండు. రోజూ అదే వేళకు, అదే వరుసలో చేయించండి. మార్పు రాబోతుంటే ముందుగానే చెప్పండి, వీలైతే బొమ్మ గీసి చూపండి. చేసిన వెంటనే మెచ్చుకోండి. కొట్టకండి. కొడితే భయం నేర్చుకుంటాడు గాని పని నేర్చుకోడు.

సందేహం కలిగితే ఆలస్యం చేయక వైద్యునికి చూపించండి. సికింద్రాబాదులో 1984లో స్థాపించబడిన జాతీయ సంస్థ మేధో వైకల్యం గల పిల్లల కొరకు పనిచేస్తున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. ధ్రువపత్రం తీసుకోవడం నామోషీ కాదు, అది బిడ్డ హక్కు.

ఆ బాబు ఇప్పుడు పూజకు వస్తున్నాడు. వెనుక తలుపు దగ్గర, స్పీకరుకు దూరంగా అతనికి ఒక చోటు ఉంచాము. కొన్ని వారాలు చివరి వరకు ఉంటాడు, కొన్ని వారాలు మధ్యలో బయటకు వెళ్ళి వేపచెట్టు కింద తిరిగి వస్తాడు. పూజ అయ్యాక చాపలు చుట్టేది అతడే. ఎడమ నుండి కుడికి, ప్రతి వారం అదే వరుస. ఎవరైనా ముందుగా ఒక చాప తీస్తే కంగారు పడతాడు. మన విచారణ పెద్దలు ఆ చాపలను అతనికే వదిలేయడం నేర్చుకున్నారు.

ఈ వారం మీ వీధిలో అటువంటి బిడ్డ ఉన్న ఇల్లు ఒకటి గుర్తు చేసుకోండి. ఆ తల్లికి సలహా చెప్పవద్దు. బిడ్డకు ఏమి ఇష్టమో అడగండి, చాలు.