వచ్చేటప్పుడే చూసే గడియారం



మాది రాజమహేంద్రవరంలో బట్టల దుకాణం. మా మామగారు పెట్టింది. పెళ్లికి ముందు నేను హైదరాబాదులో ఒక కంపెనీ జీతాల సెక్షన్‌లో పనిచేశాను. మామగారికి గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచీ కొనుగోళ్లు మావారు, లోపలి వ్యవహారం నేను చూసుకుంటున్నాం. సేల్స్, బిల్లింగ్, గోడౌన్, పై అంతస్తులో ఫాల్స్ కుట్టే టైలర్లు అంతా కలిపి ముప్ఫై మంది దాకా ఉంటారు. సగం మంది కొవ్వూరు, ధవళేశ్వరం, కడియం వైపు నుంచి వచ్చేవాళ్లే.

హాజరుకి ఒక రిజిస్టరు ఉంది. వచ్చినవాళ్లు సంతకం పెట్టి టైము వేయాలి. పదిన్నరకి వచ్చిన మనిషి సంతకం పక్కన కూడా 10.00 అనే ఉంటుంది. ఒకరి సంతకం ఇంకొకరు పెట్టేయడం నేను కళ్లారా చూశాను. షట్టరు తీయకముందే వచ్చి నిలబడే ఆడపిల్లలు "వాళ్లకీ మాకూ ఒకటే లెక్కా మేడమ్?" అంటే ఏం చెప్పాలో తెలియడం లేదు. నెలాఖరున సెలవుల లెక్క తేల్చేసరికి నా తల ప్రాణం తోకకి వస్తోంది.

అందుకే దసరా ముందు ముఖం, వేలిముద్ర రెండూ చదివే మెషిన్, దానికి సాఫ్ట్‌వేర్ కొన్నాను. ఫోన్లో యాప్ వేసుకుంటే ఎవరి హాజరు, సెలవులు, జీతం స్లిప్పు వాళ్లే చూసుకోవచ్చు. ఎంత సుఖం! రాత్రి దుకాణం కట్టేటప్పుడు చాలామంది ఒక్కసారే వెళ్తారు కనుక లైను అవుతుందని అవుట్ పంచ్ పెట్టలేదు, పొద్దున ఒక్కసారి థంబ్ వేస్తే చాలన్నాను. అయినా ఒక్కరూ దారికి రావడం లేదు. యాప్ వేసుకున్నది బిల్లింగ్‌లో ఇద్దరు కుర్రాళ్లు మాత్రమే. ఒకరోజు మెషిన్ మీద బబుల్‌గమ్ అంటించి ఉంది. ఎవరిని అడిగినా తెలియదంటారు.

మా పెద్ద గుమాస్తాగారు మామగారితో పాతికేళ్లకు పైగా ఉన్న మనిషి. నేను బాబాయిగారూ అనే పిలుస్తాను. ఆయన మెషిన్ దగ్గరకే రారు. "మీ మామగారు నన్ను ఎప్పుడూ టైము అడగలేదమ్మా" అన్నారు. అప్పటి నుంచి నాతో ముభావంగా ఉంటున్నారు.

నేనేమీ రాక్షసిని కాను. పది గంటల బ్యాచ్ ఏడుకి, పన్నెండు గంటల బ్యాచ్ తొమ్మిదికి వెళ్లిపోతారు. సంక్రాంతికి పది పన్నెండు రోజులు మాత్రం అందరూ రాత్రి పదకొండు దాకా ఉండాల్సి వస్తుంది. అప్పుడు టిఫిన్ పెట్టిస్తాం. పండగ వెళ్లాక తలా ఒక చీరో పంచెల చాపో, వెయ్యి రూపాయలూ ఇస్తాం. మావారేమో "మూడు లేట్లకి సగం రోజు జీతం కోసెయ్, వాళ్లే లైనులో నిలబడతారు" అంటున్నారు. మామగారు "తీసి అవతల పారెయ్యండి" అంటున్నారు. నేను ఎవరి మాట వినాలి?

– పేరు వేయవద్దు, రాజమహేంద్రవరం

*

అమ్మా,

మీ చిక్కంతా మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో ఉంది. దాన్ని మీరు సౌకర్యంగా చెప్పి దాటేశారు. లైను అవుతుందని అవుట్ పంచ్ పెట్టలేదన్నారు. అంటే మీ మెషిన్‌కి మనిషి పది నిమిషాలు ఆలస్యంగా రావడం కనబడుతుంది, నాలుగు గంటలు ఎక్కువ ఉండటం కనబడదు. మీరు ఆ ఉద్దేశంతో చేయలేదని నమ్ముతాను. కానీ రాత్రి పదకొండింటికి వంతెన దాటి కొవ్వూరు వెళ్లాల్సిన పిల్లకి మీ ఉద్దేశంతో పనేముంది? తనకు తెలిసింది ఒక్కటే: ఈ గడియారం పొద్దున మాత్రమే కళ్లు తెరుస్తుంది.

ఒక లెక్క వేసుకుందాం. మీరు ఎంత ఇస్తున్నారో రాయలేదు కనుక నెలకి 15,600 రూపాయలు అనుకుంటాను, భాగహారానికి వీలుగా ఉంటుంది. 26 పనిదినాలకి రోజుకి 600. భోజనం గంట తీసేస్తే మీ బ్యాచ్ ఎనిమిది గంటలు, గంటకి 75. ఓవర్‌టైముకి రెట్టింపు ఇవ్వాలన్నది 1988 నాటి మన దుకాణాలు, సంస్థల చట్టంలో ఉంది, 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. అంటే గంటకి 150. పది గంటల బ్యాచ్ పిల్ల ఏడుకి వెళ్లాల్సింది పదకొండు దాకా ఉంటే నాలుగు గంటలు. పది రోజులే అనుకున్నా 40 గంటలు, 6,000 రూపాయలు. మీరిచ్చింది టిఫిను, చీర, వెయ్యి. ఆ చీరని వాళ్లు సంతోషంగానే తీసుకుని ఉంటారు. లెక్క వేసుకోలేదని మాత్రం అనుకోకండి. బట్టల కొట్లో పనిచేసేవాళ్లకి మీటర్ల లెక్క నోటిమీద ఉంటుంది, గంటల లెక్క రాకుండా ఉంటుందా?

అందుకని మెషిన్ సంగతి మాట్లాడే ముందు ఈ ఆరు వేల సంగతి ఇంట్లో తేల్చుకోండి. ముప్ఫై మందికి అంత ఇవ్వలేమని మీవారు అంటే, అది న్యాయమైన ఇబ్బందే కావచ్చు. అప్పుడు అందరినీ పదకొండు దాకా కూర్చోబెట్టడం మానేయాలి. పండగ రోజుల్లో మధ్యాహ్నం రెండుకి వచ్చి పదకొండుకి వెళ్లే మూడో బ్యాచ్ పెట్టుకోవచ్చు. దానికి మగపిల్లలనో, ఊళ్లోనే ఉండేవాళ్లనో ముందు అడగండి. ఓవర్‌టైముకి చట్టంలో గరిష్ఠ పరిమితి కూడా ఉంది. రాష్ట్రం ఈ మధ్య పని గంటలు సవరిస్తూ వస్తోంది కనుక ఇవాళ్టి అంకె ఏమిటో కార్మిక శాఖ ఆఫీసులో కనుక్కుని గోడకి అంటించండి. 2027లో పుష్కరాలు వస్తున్నాయి. ఆ పన్నెండు రోజులూ మీ ఊరు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? ఈ ఏర్పాటు అప్పటికైనా తప్పదు.

ఇక మీవారి సలహా. మూడు లేట్లకి సగం రోజు కోత చాలా ఆఫీసుల్లో ఉంది కాబట్టి చట్టబద్ధమేనని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. కాదు. మనిషి ఎంతసేపు లేడో ఆ మేరకే జీతం తగ్గించాలన్నది 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నుంచీ ఉన్న సూత్రం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. పదేసి నిమిషాలు మూడుసార్లు ఆలస్యమైతే అర గంట, మన లెక్కలో 37 రూపాయల 50 పైసలు. సగం రోజు అంటే 300. మిగిలిన 262 రూపాయల 50 పైసలు జరిమానా అవుతుంది. జరిమానాకి వేరే నిబంధనలు ఉన్నాయి: ఏ తప్పులకి వేస్తారో ముందుగా అనుమతి తీసుకుని నోటీసు పెట్టాలి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, ఆ నెల జీతంలో 3 శాతం మించకూడదు. సాఫ్ట్‌వేర్‌లో 'మూడు లేట్లు = సగం రోజు' అని ఒక గడి ఉంటుంది, టిక్కు పెడితే చాలు. ఆ గడి ఉన్నంత మాత్రాన అది మన చట్టానికి సరిపోయిందని కాదు. ఆ టిక్కు తీసేయించండి.

బబుల్‌గమ్ ఎవరు అంటించారో వెతకడం కూడా మానేయండి. దొరికినా మీకు ఒరిగేదేమీ లేదు.

మీ దగ్గర పనిచేసేవాళ్లు యంత్రాన్ని చూసి ఎందుకు బెదురుతున్నారో ఒక్కసారి వాళ్ల ఇళ్ల నుంచి చూడండి. రేషన్ డిపోలో ఈ-పాస్ మెషిన్ మీద వేలు పడక, మళ్లీ రమ్మంటే వెనక్కి తిరిగి వచ్చిన అమ్మమ్మ ఏ వీధిలో లేదు? ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి హాజరు యాప్‌లోనే వేయాలన్నారు, రోజుకి రెండు ఫొటోలు. సిగ్నలు లేని చోట గునపం పట్టినవాళ్ల కూలి చిక్కుల్లో పడింది. అంతకుముందు 2022 ఆగస్టులో మన రాష్ట్రంలో టీచర్లకి ముఖం చూపించి హాజరు వేసే యాప్ పెడితే, మా సొంత ఫోన్లలో ఎందుకు వేసుకోవాలని వాళ్లు ఎదురు తిరిగారు. చదువు చెప్పే పంతుళ్లే అడిగిన ప్రశ్న మీ సేల్స్ పిల్లలు అడగకూడదా? వాళ్ల దృష్టిలో యంత్రం తప్పు చేస్తే నష్టం ఎప్పుడూ కూలివాడిదే. ఇప్పటిదాకా వాళ్లు చూసిందీ అదే.

కాబట్టి యాప్‌ని బలవంతం చేయకండి. మెషిన్ దుకాణంలో ఉంటే చాలు. కావాలన్నవాళ్లు ఫోన్లో వేసుకుంటారు. మిగతావాళ్లకి నెలాఖరున ఎవరి కాగితం వాళ్లకి తెలుగులో ప్రింటు తీసి ఇవ్వండి: వచ్చిన టైము, వెళ్లిన టైము, సెలవులు, అదనపు గంటలు, చేతికొచ్చేది. వేసుకున్నవాళ్ల ఫోన్లో కూడా లొకేషన్ అనుమతి తీసేయించండి. దుకాణం బయట వాళ్లు ఎక్కడ తిరిగారో మీకు అక్కర్లేదు, తెలిసిందంటే మీకే తలనొప్పి.

వేలిముద్ర ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. సూదులతో పనిచేసే టైలర్లవీ, వయసు మళ్లినవాళ్లవీ వేళ్లు అరిగి ఉంటాయి. మీ ఆషాఢం సేల్ నడిచే రోజుల్లోనే ఆడపిల్లల వేళ్లకి గోరింటాకు తొడుగులు ఉంటాయి, అప్పుడు సెన్సరు ఒక్కోసారి గుర్తుపట్టదు. ముఖం చదవడం ఎలాగూ ఉంది. అదీ పనిచేయని రోజుకి పక్కనే ఒక నోటుపుస్తకం పెట్టండి. 'మిస్ పంచ్' అని రాసి సంతకం పెడితే ఆ రోజుకి అదే హాజరు. దొంగతనంగా రాస్తారేమోనన్న భయం మీకు ఉంటుంది. రాయనివ్వండి. నెలకి నలుగురు అబద్ధం రాసినా, ఒక నిజాయితీపరురాలి జీతం తప్పుగా కోయడం కంటే మీకు తక్కువ నష్టం.

ముద్రలు, ముఖాలు ఎక్కడ దాస్తున్నారో, మానేసిన మనిషివి ఎప్పుడు తుడిచేస్తారో అమ్మినవాళ్ల దగ్గర కాగితం మీద రాయించుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ బాధ్యత మీ మీదే పెడుతుంది, సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద తోసేస్తే కుదరదు. ఆధార్ నంబరు మాత్రం అడగకండి. హాజరుకి అది అక్కర్లేదు.

ఇవన్నీ అమర్చాక రెండు నెలలు రిజిస్టరు, మెషిన్ రెండూ పక్కపక్కనే నడపండి. ఆ రెండు నెలలు లేటు పేరుతో పైసా కోయబోమని, అదనపు గంటలకి మాత్రం మొదటి నెల నుంచే ఇస్తామని చెప్పండి. వినడానికి తలకిందులుగా ఉంది కదూ? మీవారు ఒప్పుకోవడానికి టైము పట్టవచ్చు. కానీ మొదటి నెల కాగితం మీద 'అదనపు గంటలు' అన్న చోట అంకె, దానికి ఎదురుగా డబ్బు కనబడితే, అవుట్ పంచ్ మరిచిపోయినవాళ్లు సగం దారిలోంచి వెనక్కి వస్తారు. మీరు ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఇక లైను మాట. మూడు నిమిషాల లైను కోసం నాలుగు గంటలు వదులుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

భోజనానికి, బాత్రూముకి పంచ్ అడగాలన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. ఆ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను: మీ సేల్స్ పిల్లలు కూర్చోవడానికి స్టూళ్లు ఉన్నాయా? కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే వసతి ఉండాలని చట్టమే చేశాయి. మీరడగని సంగతే అనుకోండి. మెషిన్ ఖర్చు పక్కన స్టూళ్ల ఖర్చు ఎంత!

ఇప్పుడు మీ బాబాయిగారు. ఆయనకి కష్టం కలిగించింది యంత్రం కాదమ్మా. పాతికేళ్లు మీ మామగారు ఆయన మాట మీద దుకాణం వదిలేశారు. మీరు వచ్చి, ఆయన్ని ఒక్క మాట అడగకుండా, నిన్న చేరిన కుర్రాడితో సమానంగా వేలు పెట్టమన్నారు. ఆయన అన్న మాటలో ఆ సంగతే ఉంది. మీ మామగారు టైము అడగలేదు నిజమే, అందరి కంటే ముందు వచ్చేది బాబాయిగారే కనుక అడగాల్సిన పని పడి ఉండదు. మీ మామగారిని వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లండి. కొట్లో మాట్లాడితే కౌంటరు అవతల పది చెవులు ఉంటాయి. మెషిన్ ఎలా పనిచేస్తుందో వివరించడానికి వెళ్లకండి. ఎవరు ఏ ఊరి నుంచి ఏ బండి మీద వస్తారో, ఎవరికి పది కష్టం, ఎవరికి పన్నెండు సుఖమో అడగండి. 2023లో రోడ్డు కం రైలు వంతెన మరమ్మతులకి మూసేసినప్పుడు కొవ్వూరు వాళ్లు గామన్ వంతెన మీంచి చుట్టూ తిరిగి వచ్చే ఉంటారు. అప్పుడు వాళ్ల టైములు ఎలా సర్దారో మీ రిజిస్టరులో దొరకదు, ఆయనకే తెలిసి ఉంటుంది. ఆయన చెప్పినట్టు బ్యాచ్‌లు మార్చి, మారిన బ్యాచ్‌లనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించండి. ఆయన మెషిన్ దగ్గరకి ఎప్పుడొస్తారన్నది ఆయనకే వదిలేయండి. మిగతావాళ్లకి ఆయన చేత చెప్పించాలని మాత్రం చూడకండి, రెండు వైపులా ఆయన పరువు పోతుంది.

మీ పేరు, మీవారి పేరు కూడా మెషిన్‌లో ఎక్కించండి. మీకు జీతం కోత ఉండదని అందరికీ తెలుసు. అయినా మీవారు పన్నెండింటికి వస్తే పన్నెండే పడాలి.

ఇంత చేశాక కూడా రోజూ ఆలస్యంగా వచ్చేవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగులుతారు. వాళ్లు రిజిస్టరు ఉన్నప్పుడూ అంతే, మెషిన్ వచ్చినా అంతే. వాళ్లని విడివిడిగా పిలిచి, కాగితం ముందు పెట్టి, కారణం అడగండి. ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉంటే బ్యాచ్ మార్చండి. కారణమేమీ లేకపోతే రాతపూర్వకంగా హెచ్చరిక ఇవ్వండి. షట్టరు దగ్గర నిలబడే ఆడపిల్లలు మిమ్మల్ని అడిగింది ఆ ఇద్దరు ముగ్గురి గురించే.