వరి ఆకు ఎండు తెగులు బాక్టీరియాలో మాంసకృత్తుల స్రావ వ్యవస్థలు – వాటి జన్యువుల అధ్యయనం

వరిని ఆశించే తెగుళ్ళలో బాక్టీరియా ఆకు ఎండు తెగులు ముఖ్యమైనది. జపాన్‌లోని ఫుకువోకా ప్రాంత రైతులు దీనిని 1884లోనే గమనించారు. తెగులు సోకిన ఆకుల అంచులు అలలవలె వంకరలుగా పసుపుబారి, పైనుండి క్రిందికి ఎండిపోతాయి. ఉదయం వేళ ఆకులపై బాక్టీరియాతో కూడిన జిగురు బిందువులు కనిపిస్తాయి. నత్రజని ఎరువు మోతాదు మించినప్పుడు, గాలివానల తరువాత తెగులు ఉధృతమవుతుంది. పైరుపై మందులు పిచికారి చేసి దీనిని సంతృప్తికరంగా అదుపు చేయడం సాధ్యం కాదు. కనుక తెగులును తట్టుకొనే రకాల పెంపకమే ప్రధాన మార్గం. అట్టి రకాలను రూపొందించుటకు వ్యాధికారక జీవి ఏ ఆయుధాలతో మొక్కను లొంగదీస్తున్నదో ముందుగా తెలియాలి. ఆ ఆయుధాలను కణం వెలుపలికి చేరవేసేవే స్రావ వ్యవస్థలు.

స్రావ వ్యవస్థ అనగానేమి?

ఈ తెగులును కలిగించు జాంథోమోనాస్ ఒరైజే గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా. దీని కణానికి లోపలి త్వచం, వెలుపలి త్వచం అని రెండు పొరలుంటాయి. కణంలో తయారైన మాంసకృత్తు ఈ రెండింటిని దాటి బయటపడాలంటే ప్రత్యేకమైన మార్గం కావాలి. అట్టి మార్గాలను నిర్మాణాన్ని బట్టి మొదటి రకం, రెండవ రకం అని వర్గీకరించారు. ఈ తెగులు విషయంలో మొదటి మూడు రకాల పాత్ర బాగా స్పష్టమైనది. ఒక్కొక్క వ్యవస్థ నిర్మాణానికి కావలసిన జన్యువులలో అధికభాగం క్రోమోజోముపై ఒకేచోట గుంపుగా ఉండడం వాటి అధ్యయనానికి కలిసివచ్చిన అంశం.

జన్యువులను గుర్తించే పద్ధతి

ఒక జన్యువు చేసే పనిని తెలుసుకొనుటకు దానిని చెడగొట్టి ఫలితాన్ని పరిశీలించడం మూల సూత్రం. ట్రాన్స్‌పోజాన్ అనే చలన జన్యుఖండాన్ని బాక్టీరియాలో ప్రవేశపెడితే, అది ఎక్కడో ఒకచోట చొరబడి అక్కడి జన్యువును నిర్వీర్యం చేస్తుంది. ఇట్లు ఏర్పడిన ఉత్పరివర్తితాలను మొక్కలపై పరీక్షించి, వ్యాధికారక శక్తిని కోల్పోయిన వాటిని వేరుచేస్తారు. వరిలో ఇందుకు బాక్టీరియా ద్రావణంలో ముంచిన కత్తెరతో ఆకు కొనలను కత్తిరించి, సుమారు రెండు వారాల తరువాత మచ్చ పొడవును కొలుస్తారు. అనంతరం చెడిన జన్యువు యొక్క మంచి ప్రతిని తిరిగి అందించినప్పుడు కోల్పోయిన శక్తి మరల వస్తేనే ఆ జన్యువు పాత్ర రుజువైనట్లు. ఈ చివరి మెట్టు లేని నిర్ధారణ అసంపూర్ణం.

చిక్కుడు జాతి మొక్కలను ఆశించే సూడోమోనాస్‌లో 1986లో లిండ్‌గ్రెన్, ఆయన సహచరులు ఈ విధంగానే హెచ్‌ఆర్‌పి జన్యువుల గుంపును కనుగొన్నారు. ఆ ఉత్పరివర్తితాలు చిక్కుడులో తెగులును కలిగించలేకపోవడమేగాక, పొగాకు ఆకులో రావలసిన అతిసున్నిత ప్రతిచర్యను కూడా కలిగించలేకపోయాయి. ఈ జన్యువులే మూడవ రకం స్రావ వ్యవస్థను నిర్మిస్తాయని తదుపరి పరిశోధనలలో తేలింది.

రెండవ రకం, మూడవ రకం – పరస్పర సంబంధం

రెండవ రకం వ్యవస్థ జైలనేజ్, సెల్యులేజ్, లైపేజ్ వంటి ఎంజైములను వెలుపలికి పంపుతుంది. ఇవి వరి కణకవచాన్ని కరిగిస్తాయి. ఈ వ్యవస్థకు చెందిన ఎక్స్‌పిఎస్ జన్యువులు చెడిన ఉత్పరివర్తితాలు జైలనేజ్‌ను స్రవింపజాలక, వ్యాధికారక శక్తిని కోల్పోతాయని హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో రమేశ్ సొంటి బృందం 2000లో నిరూపించింది.

మూడవ రకం వ్యవస్థ సూదివంటి నిర్మాణం. ఇది ప్రభావక మాంసకృత్తులను నేరుగా మొక్క కణంలోనికి చొప్పిస్తుంది. దీని జన్యువులు పోషకాలు పుష్కలంగా ఉన్న ప్రయోగశాల మాధ్యమంలో దాదాపు నిద్రాణంగా ఉండి, మొక్కలో ప్రవేశించినపుడు మేల్కొంటాయి. హెచ్‌ఆర్‌పి-జి, హెచ్‌ఆర్‌పి-ఎక్స్ అనే నియంత్రక జన్యువులు ఈ మేల్కొలుపును నడుపుతాయి. కనుక ఈ జన్యువుల అధ్యయనానికి జైలోస్ చక్కెర గల తక్కువ పోషకాల మాధ్యమాన్ని వాడుతారు.

ఈ రెండు వ్యవస్థల సంబంధం ఆసక్తికరమైనది. ఎంజైములు కణకవచాన్ని ఛేదించినపుడు మొక్క ప్రమాదాన్ని పసిగట్టి రక్షణ చర్యలకు పూనుకొంటుంది. ఆ రక్షణను అణచివేయడం మూడవ రకం ప్రభావకాల పని. మూడవ రకం లోపించిన ఉత్పరివర్తితాన్ని ముందుగా ఆకులో ప్రవేశపెడితే, తరువాత ప్రవేశించిన సహజ బాక్టీరియాను మొక్క ఎదిరించింది. రెండు వ్యవస్థలూ లోపించిన ఉత్పరివర్తితం విషయంలో ఈ రక్షణ బాగా తగ్గింది. అనగా మొక్కను అప్రమత్తం చేసినది రెండవ రకపు స్రావమే. సి.సి.ఎం.బి. బృందం 2007లో ఈ ఫలితాలను ప్రకటించింది.

ప్రభావకాలు, నిరోధక జన్యువులు

మూడవ రకం ద్వారా ప్రవేశించు ప్రభావకాలలో టాల్ వర్గానికి చెందినవి మొక్క కేంద్రకంలోనికి చేరి, వరి జన్యువులనే బాక్టీరియాకు అనుకూలంగా పనిచేయిస్తాయి. ఏ టాల్ మాంసకృత్తు ఏ డి.ఎన్.ఏ. వరుసకు అతుక్కొనునో తెలిపే సంకేతాన్ని 2009లో రెండు బృందాలు ఛేదించాయి. పిథ్‌ఎక్సో1 అనే టాల్ ప్రభావకం వరిలోని స్వీట్11 జన్యువును ప్రేరేపించగా, చక్కెర కణాల వెలుపలికి వచ్చి బాక్టీరియాకు ఆహారమగుచున్నది.

ఈ జ్ఞానం నిరోధక జన్యువుల పనితీరును వివరించింది. ఎక్స్‌ఏ13 అనునది స్వీట్11 జన్యువు యొక్క మారిన రూపమే. దాని ప్రమోటరు మారినందున పిథ్‌ఎక్సో1 అక్కడ అతుక్కొనలేదు. ఎక్స్‌ఏ5 విషయంలో టాల్ ప్రభావకాలు ఉపయోగించుకొనే అనులేఖన కారకంలో మార్పు ఉన్నది. ఈ రెండూ అంతర్గత జన్యువులు. బహిర్గత జన్యువైన ఎక్స్‌ఏ21 మాత్రం, మొదటి రకం వ్యవస్థ ద్వారా వెలువడు రాక్స్-ఎక్స్ అనే పెప్టైడును గుర్తించి రక్షణను ప్రారంభిస్తుంది.

ఒక్క జన్యువు ఎందుకు చాలదో కూడా దీనివల్ల అవగతమవుతుంది. పిథ్‌ఎక్సో1 గల ఫిలిప్పీన్స్ తెగ పి.ఎక్స్.ఓ.99 ఎక్స్‌ఏ5ను అధిగమిస్తుంది గాని ఎక్స్‌ఏ13 ముందు నిలువలేదు. స్వీట్14ను ప్రేరేపించు ప్రభావకం గల పి.ఎక్స్.ఓ.86 తెగ ఎక్స్‌ఏ13ను దాటినా ఎక్స్‌ఏ5 వద్ద ఆగిపోతుంది. ఒక ద్వారం మూసితే బాక్టీరియా మరొక ద్వారం వెదకుకొంటుంది. కనుక వేర్వేరు మెట్ల వద్ద అడ్డుకొనే జన్యువులను ఒకే రకంలో చేర్చడం సహేతుకం. బాపట్లలో రూపొందిన బి.పి.టి. 5204 (సాంబ మసూరి) సన్నబియ్యానికి ప్రసిద్ధి చెందినదైనా, ఈ తెగులుకు సులభంగా లోనవుతుంది. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయం, సి.సి.ఎం.బి. కలిసి మార్కర్ల సహాయంతో ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ21 జన్యువులను దానిలో చేర్చగా, మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో విడుదలైనది. గింజ నాణ్యత చెడకుండా నిరోధకత సిద్ధించడం దీని విశిష్టత.

ముగింపు

స్వీట్ జన్యువుల మూడింటి ప్రమోటర్లను జన్యు సవరణ ద్వారా మార్చి విస్తృత నిరోధకత గల వరిని రూపొందించినట్లు 2019లో వెలువడిన ఫలితాలు ఈ మార్గంలో తదుపరి అడుగు. అయితే బాక్టీరియా జన్యువులు నిరంతరం మారుచునే ఉంటాయి. ఏ ప్రాంతపు తెగలలో ఏ ప్రభావకాలున్నవో ఎప్పటికప్పుడు పరిశీలించి, తదనుగుణంగా నిరోధక జన్యువులను ఎంపిక చేసినపుడే నూతన రకాలు పొలంలో ఎక్కువకాలం నిలుస్తాయి. స్రావ వ్యవస్థల జన్యువుల అధ్యయనం ప్రయోగశాలకే పరిమితమైన విషయం కాదు. రైతు విత్తే ప్రతి నిరోధక రకపు ఆయుష్షు దానిపై ఆధారపడి ఉన్నది.